ఎవరి ఊరి నుంచి వారిని గద్దెకు తెచ్చుకోవాలి

(నౌకాదళ శిక్షణలో తోటివారై, ఇప్పుడు మన మధ్య లేని మిత్రుల స్మృతికి మేడారంలో చేసిన స్మారక ఉపన్యాసం)



మా కోర్సులో పోయినవారి పేర్లన్నీ సభ మొదట్లోనే చదివారు. ఒక్కో పేరు వినిపించినప్పుడు ముందు వరుసలో ఒక్కో కుటుంబం లేచి నిలబడింది. నేను ఆ పేర్లను మళ్లీ చదవను. ఆ పేర్ల వెనక ఉన్న జీవితాలను మనం ఎలా నిలుపుకోవాలన్నదే ఈ ఉపన్యాసానికి విషయం.

సముద్రం మీద బతికినవాళ్ల సంస్మరణ సభ అడవిలో ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. విశాఖలో పెడితే అందరికీ వీలుగా ఉండేదన్నారు. మేడారాన్ని కోరుకున్నది నేనే. పోయినవారిని ఎలా తలుచుకోవాలో తెలుగునేల మీద ఇంత బాగా తెలిసిన చోటు మరొకటి నాకు కనిపించలేదు.

మేడారం నేర్పిన పద్ధతి

జాతర సంగతి ఈ ఊరివారికి నేను చెప్పేదేమీ లేదు. దూరం నుంచి వచ్చిన మా మిత్రుల కోసం నాలుగు మాటలు చెబుతాను. కరువు రోజుల్లో కప్పం కట్టలేదని కాకతీయుల సేన ఈ అడవి మీదికి దండెత్తి వచ్చిందనీ, సమ్మక్క, ఆమె భర్త పగిడిద్దరాజు, బిడ్డ సారలమ్మ, అల్లుడు గోవిందరాజు, కొడుకు జంపన్న ఎదురొడ్డి పోరాడారనీ కోయల కథ చెబుతుంది. జంపన్న దూకి ప్రాణం విడిచిన సంపెంగవాగు జంపన్నవాగు అయింది. గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మళ్లీ కనిపించలేదు. వెతికినవారికి అక్కడ కుంకుమ భరిణె దొరికింది.

వీళ్లంతా ఒకే ఇంటివాళ్లు, ఒకే యుద్ధంలో పోయినవాళ్లు. అందరికీ కలిపి ఒక గుడి కట్టి, ఒక విగ్రహం నిలిపి ఊరుకోవచ్చు. కోయలు అలా చేయలేదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళకు ఒక్కొక్కరిని ఒక్కొక్క చోటి నుంచి తీసుకొస్తారు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి అడవిదారిన కాలినడకన తెస్తారు. గోవిందరాజు కొండాయి నుంచి వస్తాడు. ఎవరి పూజారులు వారికున్నారు, ఎవరి దారి వారిది. మరునాడు సాయంత్రం సమ్మక్క చిలకలగుట్ట దిగుతుంది. అప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి ప్రభుత్వ లాంఛనంతో స్వాగతం చెబుతారు. మూడోనాడు అందరూ గద్దెల మీద కొలువుంటారు. నాలుగోనాడు వనప్రవేశం, ఎవరి చోటికి వారు.

యూనిఫాం వేసుకున్న మనిషిగా ఆ తుపాకీ మోత నాకు కొత్త కాదు. నన్ను ఆపి ఆలోచింపజేసింది అంతకుముందు జరిగే నడక. కలిసి పోరాడి కలిసి పోయినవారిని కూడా విడివిడిగా, వారి వారి ఊళ్లకు వెళ్లి పిలుచుకు రావాలని ఈ జాతర నియమం పెట్టింది. మా కోర్సువాళ్లం పోయిన మిత్రులను తలుచుకోవలసిన తీరు కూడా ఇదేనని నా నమ్మకం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అంతే. మిగతాదంతా ఆ మాటకు వివరణ.

రాతి మీద పట్టేది, పట్టనిది

మన దేశంలో సైనికుల స్మారకాలకు కొదవ లేదు. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో క్యాడెట్లు తమ చేతులతో కట్టుకున్న ‘హట్ ఆఫ్ రిమెంబ్రెన్స్’ ఉంది. అక్కడ చదివి, విధి నిర్వహణలో ప్రాణాలిచ్చినవారి పేర్లు అందులో ఉంటాయి. విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో నిలిపిన ‘విక్టరీ ఎట్ సీ’ ఉంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతికి అంకితం చేసిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఆనాటికే 25,942 పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ గోడల ముందు నిలబడి కొడుకు పేరును వేలితో తడిమే తల్లులను చూసినవాళ్లెవరూ వాటి విలువను శంకించరు.

అయితే రాతి మీద చోటు తక్కువ. పేరు, హోదా, దళం పడతాయి. ఆ మనిషి ఏ ఊరివాడు, ఎవరి కొడుకు, ఏం చేయడంలో దిట్ట, ఎక్కడ ఎదురుదెబ్బ తిన్నాడు, తన కింద పనిచేసినవారితో ఎలా ఉండేవాడు అన్నది పట్టదు. పైగా రాయి చెప్పేది మరణం గురించే. విధి నిర్వహణలో పోయినవారికే అక్కడ చోటు. ముప్పై ఏళ్లు కొలువు చేసి, ఇంటికొచ్చి, జబ్బుపడి పోయినవాడికి ఏ గోడ మీదా పేరుండదు. ఏ కోర్సు తీసుకున్నా పోయినవారిలో ఎక్కువమంది అలాంటివారే.

1971 డిసెంబరు 9 రాత్రి దియూ తీరానికి దూరంగా ఐఎన్ఎస్ ఖుక్రీ జలాంతర్గామి దాడికి గురై మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను వేరొకరికి ఇచ్చి ఓడతోపాటే ఉండిపోయారు. మహావీర చక్ర పొందిన ఆయన చివరి గంట గురించి దేశమంతా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. మరి మిగిలిన 193 మంది? వారిలో ప్రతి ఒక్కరికీ శిక్షణలో పక్క మంచం మీద పడుకున్నవాడు ఒకడు ఉంటాడు. ఆ పక్క మంచంవాడికి తెలిసింది ప్రభుత్వ దస్త్రంలో ఉండదు. వాడు చెప్పకుండా పోతే ఆ జీవితం రెండోసారి మునిగిపోయినట్టే.

కటారి, ఆయనతో ఓడ ఎక్కినవారు

భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి తెలుగువాడని ఈ సభలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. అడ్మిరల్ రామదాస్ కటారి 1911 అక్టోబరు 8న చెంగల్పట్టులో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1927లో బొంబాయిలో ‘డఫ్రిన్’ అనే శిక్షణ నౌక తెరుచుకుంది. అందులో చేరిన మొట్టమొదటి జట్టులో ఆయన ఒకరు. ఆనాటికి యుద్ధనౌకలు నడిపే అధికారులుగా భారతీయులను తీసుకోవడానికి దొరలకు మనసు రాలేదు. వాణిజ్య నౌకలకు అధికారులను తయారుచేయడానికి పెట్టిందే డఫ్రిన్. కటారి హుగ్లీ నది మీద కలకత్తా పోర్టు కొలువులో పనిచేసి, 1939లో యుద్ధం రాగానే నౌకాదళ రిజర్వులో చేరారు. 1956 అక్టోబరు 2న భారత నౌకాశ్రేణికి నాయకత్వం వహించిన తొలి భారతీయుడయ్యారు. 1958 ఏప్రిల్ 22న నౌకాదళాధిపతి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటినా అంతవరకూ ఆ కుర్చీలో కూర్చున్నది బ్రిటిషువారే. విమానవాహక నౌక ‘విక్రాంత్’ మన దళంలో చేరడం, గోవా విముక్తి, రెండూ 1961లో ఆయన హయాంలోనే జరిగాయి. 1962లో పదవీ విరమణ చేసి, తర్వాత బర్మాలో మన రాయబారిగా పనిచేసి, 1983 జనవరిలో సికింద్రాబాద్‌లో కన్నుమూశారు.

ఇదంతా మనకు తెలియడానికి ఆయన పదవి ఒక కారణం. ఆయన తన జ్ఞాపకాలను ‘ఎ సెయిలర్ రిమెంబర్స్’ అన్న పేరుతో తానే రాసుకోవడం ఇంకో కారణం. పోవడానికి ముందటి ఏడాది, 1982లో ఆ పుస్తకం వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఊహించుకోండి.

కటారిని తలుచుకున్నప్పుడల్లా నా మనసు ఆయనతో డఫ్రిన్ ఎక్కిన మిగతా కుర్రాళ్ల మీదికి పోతుంది. దేశం నలుమూలల నుంచి వచ్చి, తెల్లవారే డెక్కు కడిగి, తాళ్లు ముడివేయడం నేర్చుకున్న పిల్లలు. ఆ నౌకలో చదివిన తరాలవాళ్లు వాణిజ్య నౌకల మీదికి, రేవుల కొలువుల్లోకి, కొందరు నౌకాదళంలోకి చెదిరిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాణిజ్య నౌకల మీద పనిచేస్తూ వేలమంది భారతీయ నావికులు సముద్రంలో పోయారు. 1947లో రాయల్ ఇండియన్ నేవీ రెండు దేశాల మధ్య పంపకమైనప్పుడు, ఒకే మెస్‌లో అన్నం తిన్నవాళ్లు వేర్వేరు జెండాల కిందికి వెళ్లిపోయారు. ఒక అధిపతి కథ నిలిచింది. జట్టు కథ నిలవలేదు. ఆ జట్టు లేకుండా ఆ అధిపతి లేడు.

దేహం దొరకనివారు

నేల మీద యుద్ధం చేసేవారికీ మాకూ ఒక తేడా ఉంది. సముద్రం చాలాసార్లు మనిషిని తిరిగి ఇవ్వదు.

2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది ఉన్నారు. వారిలో 8 మంది విశాఖలోని నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలూ విమానాలూ వారాల తరబడి వెతికినా జాడ తెలియలేదు. 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని 2024 జనవరిలో ప్రకటించారు. ఏడేళ్లకు పైగా ఆ ఇళ్లలో ఏ తిథి పెట్టుకోవాలో, పెట్టుకోవచ్చో లేదో తేలలేదు. 2013 ఆగస్టు 14న ముంబై రేవులోనే పేలిపోయిన సింధురక్షక్ జలాంతర్గామిలో 18 మంది పోయారు. వారిలో విశాఖ ప్రాంతపు యువకులూ ఉన్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 26న సింధురత్నలో పొగ కమ్ముకున్నప్పుడు అధికారులు కపీశ్ మువాల్, మనోరంజన్ కుమార్ మంటలతో పోరాడుతూ పోయారు, తోటివారు బతికారు.

విశాఖ ముందున్న సముద్రంలోనే 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తన 93 మందితో మునిగిపోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. మన నౌకాదళం 2024లో దాని చోటును మళ్లీ గుర్తించి కూడా, అందులో పోయినవారి పట్ల గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. శత్రువులైనా వాళ్లూ ఎక్కడో ఒక అకాడమీ నుంచి కవాతు చేస్తూ బయటికి వచ్చినవాళ్లే. వాళ్లకూ తోటివాళ్లున్నారు.

సమ్మక్క దేహం కూడా దొరకలేదు. అంతమాత్రాన ఈ అడవి ఆమెను మరిచిపోలేదు. గుట్ట మీద దొరికిన భరిణెనే ఆమెగా తెచ్చుకుంది, ఆమె కథను తరం వెంట తరం చెప్పుకుంది. మా వాళ్ల కుటుంబాలకు నేను చెప్పగలిగిన ధైర్యం ఇదే. దేహం లేనిచోట కథ ఉండాలి. ఆ కథను కూడగట్టి తేవలసిన బాధ్యత తోటివాళ్లది.

ముగ్గురు మిత్రులు

మా కోర్సులో ముగ్గురి గురించి చెబుతాను. వారి కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి, పేర్లు మీరు విన్నారు. ఏ పేరు ఎవరిదో చెప్పకపోయినా ఆ ఇళ్లవాళ్లకు తెలుస్తుంది.

ఒకడు మన మెట్టప్రాంతపు పల్లె నుంచి వచ్చాడు. అకాడమీకి వచ్చేదాకా సముద్రం చూడలేదు. ఈత పరీక్షలో పదేపదే తప్పాడు. మేమంతా ఆదివారం సినిమాకు పోతే వాడు కొలనుకు పోయేవాడు. తర్వాత జలమాపన శాఖను ఎంచుకున్నాడు. సర్వే ఓడ మీద నెలల తరబడి ఒకే తీరం వెంట ముందుకూ వెనక్కూ తిరుగుతూ లోతులు కొలిచే పని అది. ఆ కొలతలు డెహ్రాడూన్‌లోని జాతీయ జలమాపన కార్యాలయానికి చేరి పటాలవుతాయి. ఆ పటం చూసుకునే ఓడలు రేవులోకి క్షేమంగా వస్తాయి. పటం మీద అంకెలుంటాయి, వాటిని కొలిచినవాడి పేరుండదు. ఈత రాని ఆ కుర్రాడు కొలిచిన లోతుల మీదుగా ఇవాళ కూడా ఓడలు నడుస్తున్నాయి. వాడి పిల్లలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఈరోజు నేను చెప్పాను.

రెండోవాడు ఇంజనీరు. కమాండర్ హోదా దగ్గరే ఆగిపోయాడు. ఈ మాట కుటుంబాల ముందు అనడానికి చాలామంది మొహమాటపడతారు. సైన్యంలో పై మెట్లు ఇరుకు. ఒక కోర్సులో చేరిన అందరిలో అడ్మిరల్ హోదా దాకా వెళ్లేది కొద్దిమందే. మిగతావారు తక్కువవారని దానికి అర్థం కాదు. ఈ మిత్రుడు రేవులో మరమ్మతుకు వచ్చిన ఓడల ఇంజన్ గదుల్లో సగం జీవితం గడిపాడు. ప్రమోషన్ జాబితాలో పేరు రాని రోజున కూడా పొద్దున్నే డాక్‌యార్డుకు వెళ్లాడని అప్పుడు మరమ్మతులో ఉన్న ఓడ మీదివాళ్లు చెప్పారు. పదవీ విరమణ తర్వాత కాన్సర్‌తో పోయాడు. అంత్యక్రియలకు అతని కింద పనిచేసిన నావికులు, వెల్డర్లు, ఫిట్టర్లు దూరాభారాలనుంచి వచ్చారు. ఒక అధికారి కొలువును కొలవడానికి నాకు తెలిసిన అన్నిటికంటే గట్టి కొలత అది.

మూడోవాడు మాతో కమిషన్ పొందలేదు. శిక్షణ సగంలో ఆరోగ్యం చాలదని వైద్యులు తేల్చి ఇంటికి పంపారు. ఊరికి వెళ్లి లెక్కల మాస్టారయ్యాడు. మేము ఏ రేవులో ఉన్నా ఉత్తరాలు రాసేవాడు. మా పెళ్లిళ్లకు వచ్చాడు, మాలో మొదట పోయినవాడి ఇంటికి అందరికంటే ముందు వెళ్లింది వాడే. నౌకాదళ జాబితాలో వాడు లేడు. మా జాబితాలో ఉన్నాడు, ఉంటాడు. వాడు లేకుండా మా కోర్సు చరిత్ర రాస్తే అది అబద్ధపు చరిత్ర.

తోటివారికే తెలిసిన సంగతులు

తల్లిదండ్రులకు పిల్లవాడు తెలుస్తాడు. భార్యకు, పిల్లలకు ఎదిగిన మనిషి తెలుస్తాడు. ఆ పిల్లవాడు ఈ మనిషిగా మారిన కాలం మాత్రం అతనితో కవాతు చేసినవారికే తెలుస్తుంది. భయపడ్డ రాత్రి, మొదటిసారి ఇంకొకడి కోసం శిక్ష అనుభవించిన రోజు, ఇల్లు గుర్తొచ్చి ఏడ్చిన సంగతి, ఇవన్నీ మా దగ్గరే ఉన్నాయి.

సూర్యాపేట కూడలిలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం మీరు చూసి ఉంటారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో తన సైనికుల ముందు నిలబడి పోరాడి పోయిన వీరుడు, మహావీర చక్ర గ్రహీత. ఆయన చదివిన కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో విజయనగరం దగ్గర మొదలైంది. అక్కడ, ఆ తర్వాత ఖడక్‌వాస్లాలో ఆయనతో పెరిగినవారు ఎందరో ఉన్నారు. విగ్రహం ఆయన చివరి రోజును చూపిస్తుంది. మొదటి రోజులను చూపించగలిగేది వాళ్లే. వారిని నేను ఈ వేదిక మీది నుంచి వేడుకుంటున్నాను, రాయండి. నలభైల్లో ఉన్నప్పుడే రాయండి, మాలాగా ముసలితనం దాకా ఆగకండి.

రాసేటప్పుడు పొగడ్త వద్దు. పోయినవారందరినీ ఒకే మూసలో నవ్వుతూ, ధైర్యంగా, అందరికీ ఆప్తులుగా రాస్తే ఒకరికొకరు తేడా లేకుండా పోతారు. పగిడిద్దరాజును కన్నెపల్లి నుంచి తెస్తే ఈ ఊరు ఒప్పుకుంటుందా? ఎవరి ఊరు వారిదే, ఎవరి కోపం, ఎవరి పట్టుదల, ఎవరి ఓటమి వారివే. పుట్టిన ఊరు, ఇంటి పని, చదివిన బడి, ఎక్కిన మొదటి ఓడ, నేర్చిన పని, చేసిన కొలువులు, ఆగిపోయిన చోటు, విరమణ తర్వాతి జీవితం, పోయిన తీరు, ఇవన్నీ వరసగా ఉండాలి. ఇంటివారిని అడగాలి. కింద పనిచేసిన నావికులను తప్పక అడగాలి, అధికారి అసలు రూపం వాళ్లకే బాగా తెలుసు. నావికుల జట్లకూ ఇదే వర్తిస్తుంది. ఒడిశాలోని ఐఎన్ఎస్ చిలికాలో కలిసి శిక్షణ పొంది మన పల్లెలకు తిరిగొచ్చినవారు ఎందరో ఉన్నారు. వారి స్నేహాలు మా స్నేహాల కంటే ఏ విధంగానూ తక్కువ కావు.

చేయవలసిన పని

ఈ ప్రాంతానికి ఇలాంటి పని కొత్త కాదు. మణుగూరు దగ్గరి కూనవరంలో ఉండిన డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన పోయారు. డోలు వాయిస్తూ ఇలా కథలు పాడే డోలి కుటుంబాలు వీరుల పేర్లను, వంశాలను, ఊళ్లను కంఠస్థం చేసి తరాల మీదుగా మోసుకొచ్చాయి. ఆ చాకిరీ ముందు మేము చేయాల్సింది చాలా చిన్నది. మాకు కాగితముంది, ఫోన్ ఉంది, ఇంకా బతికున్న సాక్షులున్నారు.

మా కోర్సు తరఫున ఒక నిర్ణయం ప్రకటిస్తున్నాను. పోయిన ప్రతి మిత్రుడి జీవితం విడిగా, అతని ఊరికి వెళ్లి, అక్కడివారితో మాట్లాడి రాస్తాం. బతికున్నవారిలో ఒక్కొక్కరం ఒక్కొక్కరి బాధ్యత తీసుకున్నాం. ఒక ప్రతి ఇంటివారికి, ఒక ప్రతి ఆ ఊరి బడికి ఇస్తాం.

ఈ సభకు వచ్చిన విద్యార్థులను ఒకటి అడుగుతాను. మీ ఊళ్లలో సైన్యంలో, నౌకాదళంలో, వాయుసేనలో పనిచేసి వచ్చినవారు, పోయినవారు ఉన్నారు. ఈ సెలవుల్లో వారి ఇళ్లకు వెళ్లండి. ఒక్కొక్కరి గురించి రెండు పేజీలు రాయండి. ఆడపిల్లలు ముందుండాలి. యుద్ధానికి బిడ్డ కూడా వెళ్లిన కథ మీ ఊరిదే కదా. 2017, 2018లో ‘తారిణి’ పడవ మీద ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు. 2025 మే 30న ఖడక్‌వాస్లా నుంచి తొలిసారిగా 17 మంది అమ్మాయిలు శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. రేపటి జట్లలో మీరుంటారు, మీ జట్టు కథ రాయవలసింది కూడా మీరే.

కుటుంబాలవారికి ఒక మాట. మీరు మీవారి వస్తువులు, ఉత్తరాలు భద్రంగా దాచుకున్నారు. వాటి పక్కన పెట్టుకోవలసిన కథ కొంత మా దగ్గర ఉండిపోయింది. అది మీ సొత్తు. మేము ఒక్కొక్కరమూ మీ గుమ్మానికి వచ్చి అప్పగిస్తాం. మాలో ఎవరు ఆలస్యం చేసినా అడిగి రాయించుకునే హక్కు మీకుంది.